మందు వాళ్లది, మురికి మన చేనుకా?

యాంటీబయాటిక్ మందులు పనిచేయకుండా పోతున్నాయంటే తప్పంతా జనానిదేనని సర్కారు ప్రచారం. చీటీ లేకుండా బిళ్లలు కొంటున్నారట, కోర్సు సగంలో ఆపేస్తున్నారట. అందులో నిజముంది. మరి కిలోల కొద్దీ మందును వాగుల్లో కలిపిన వాళ్ల మాటేమిటి?

పటాన్‌చెరు సంగతే చూడండి. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి వచ్చేవి. ‘శుద్ధి’ చేసి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. కొన్ని రకాల బాక్టీరియాను చంపడానికి సరిపోయే మోతాదుకు ఇది వెయ్యి రెట్ల పైమాటే! ఆ నీళ్లు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిశాయి. తరువాతి పరీక్షల్లో ఆ ప్రాంతపు బావుల్లో, సాగుభూముల మట్టిలో కూడా ఈ జాతి మందులు బయటపడ్డాయి. పాలకులు చేసిందేమిటి? 18 కిలోమీటర్ల పైపు వేసి ఆ నీటిని అంబర్‌పేటకు, అక్కడి నుంచి మూసీకి మళ్లించారు. మంజీర రైతు గోసను మూసీ రైతుకు పంచారు, అంతే.

దీనివల్ల ఏమవుతుందో రైతుకు వేరే చెప్పాలా? బీటీ పత్తిని తిని తిని గులాబీ పురుగు దానికి లొంగకుండా పోలేదా? ఇదీ అంతే. మట్టిలో, నీటిలో మందు నిత్యం తగులుతుంటే బలహీనమైన బాక్టీరియా చస్తుంది, మొండిది మిగులుతుంది. పైగా ఆ మొండితనాన్ని పక్క జాతి బాక్టీరియాకూ అంటిస్తుంది. రేపు మన బిడ్డకు చీము పడితే ఏ సూదీ పనిచేయదు.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది. ఫ్యాక్టరీ నీళ్లలో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో అందులో హద్దులు పెట్టింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ హద్దులు మాయం! కంచే చేను మేయడమంటే ఇది కాదా?

‘రైతులు కోళ్లకు, రొయ్యలకు మందులు వాడటం లేదా?’ అని ఎదురు ప్రశ్న వేస్తారు. వాడకం తగ్గాల్సిందే. 2019లో కోళ్లకు, పశువులకు, ఆక్వాకు కోలిస్టిన్ నిషేధిస్తే మంచిదే అన్నాం. రొయ్యలో మందు అవశేషం దొరికితే సరుకు వెనక్కి వస్తుంది, ఆ నష్టం చెరువు రైతు నెత్తిన పడుతుంది. ఫ్యాక్టరీ నీళ్లలో దొరికితే మాత్రం నష్టం ఎవరి నెత్తిన? అదీ రైతు నెత్తినేనా?

మన డిమాండ్లు మూడు. తొలగించిన హద్దులను వెంటనే చట్టంలో పెట్టాలి. ఫ్యాక్టరీల దిగువ గ్రామాల్లో బావి నీటిని, మట్టిని ఏటా సర్కారు ఖర్చుతో పరీక్షించి, ఫలితాలను పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించాలి. పాడైన భూమికి పరిహారం పాడుచేసిన యాజమాన్యమే కట్టాలి.

వాగు పక్క గ్రామాల సభ్యులు వచ్చే గ్రామసభలోనే ఈ మూడింటి మీద తీర్మానం చేయించి, నకలు కలెక్టరుకు అందజేయాలి. అడగనిదే అమ్మయినా పెట్టదు. ఈ సర్కారు అమ్మ కూడా కాదు.