కాపరి అంటే ఎవరు?

కిందటి క్రిస్మస్‌కు మా చర్చిలో ఏడేళ్ల పాప 23వ కీర్తనను ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. అందరం చప్పట్లు కొట్టాం. వేదిక దిగి వస్తున్న పాపను దగ్గరికి పిలిచి ‘కాపరి అంటే ఎవరమ్మా?’ అని అడిగాం. కాసేపు ఆలోచించి ‘వాచ్‌మేనా అంకుల్?’ అంది. అదే కీర్తనను బైబిలు తెరిచి చదవమంటే మొదటి వచనం దగ్గరే ఆగిపోయింది. వెనక వరుసలో కూర్చున్న ఆ పాప నాయనమ్మ చిన్నతనంలో మేకలు కాసిన మనిషి. తప్పిపోయిన పిల్లను వెతికి భుజాన వేసుకొచ్చిన కథలు ఆమె దగ్గర ఎన్నో ఉన్నాయి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నా, ఆ కథలు చెప్పించే తీరిక మాత్రం ఇంట్లో ఎవరికీ చిక్కలేదు.

చదవడమంటే అక్షరాలు కూడబలుక్కోవడం ఒక్కటే కాదు. గుణింతాలు, ఒత్తులు వస్తే పదాన్ని పలకవచ్చు. కానీ ఆ పదం అంతకుముందే చెవిన పడి, మనసులో బొమ్మ కట్టి ఉంటేనే పలికింది అర్థమవుతుంది. ‘మంద’ అనే మాటే వినని బిడ్డకు ఆ రెండక్షరాలు ఉత్త గుర్తులే. పలకడం బడి నేర్పుతుంది. మాటల మూటను మాత్రం పుట్టిన నాటి నుంచే ఇల్లు కట్టివ్వాలి. పల్లెల్లో పిల్లల చదువును పరీక్షించే ‘అసర్’ 2024 నివేదిక ప్రకారం, దేశంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు నూటికి 27 మందే. ఈ లోటుకు బడిని తప్పుపట్టడం తేలిక. మన వంతు మాటేమిటి?

తిమోతి విశ్వాసాన్ని తలచుకున్న పౌలు ఏ గొప్ప పండితుని పేరూ చెప్పలేదు. అవ్వ లోయి, తల్లి యునీకేల పేర్లు రాశాడు (2 తిమోతి 1:5). పసితనం నుంచే అతనికి లేఖనాలు తెలుసన్నాడు (3:15). ఆనాడు ఇంటింటా గ్రంథం లేదు, చేతిరాత చుట్టలు ఎంతో ఖరీదు. కాబట్టి ఆ పసివాడికి లేఖనం కంటికన్నా ముందు చెవికే చేరి ఉంటుంది. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం కూడా ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు దేవుని మాటల గురించి పిల్లలతో మాట్లాడమంటుంది. ట్యూషన్ పెట్టించమనలేదు, మాట్లాడమంది.

అసలు సండేస్కూల్ పుట్టిందే చదువు కోసం. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రెయిక్స్ అనే పత్రికాధిపతి, వారమంతా పనుల్లో నలిగే పేద పిల్లలకు వారి ఒక్క సెలవు రోజైన ఆదివారం నాడు చదవడం నేర్పించాడు. వారి పాఠ్యపుస్తకం బైబిలే. మరి నేడు మన సండేస్కూళ్లలో కంఠతా వాక్యానికి బహుమతి ఉంది, చూసి చదివినందుకు లేదు. తెలుగు పాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని పాడే యువత మన చర్చిల్లోనే కనిపిస్తున్నది.

‘ఇంగ్లిష్ మీడియం పిల్లలకు తెలుగెందుకు?’ అనేవారున్నారు. ఇంటి భాషలో ‘ఎందుకు, ఎలా’ అని అడిగి జవాబు విన్న బిడ్డ, మరో భాషలోనూ అడగగలుగుతుంది. ఇంట్లోనే మాట కరువైన బిడ్డకు రెండు భాషల్లోనూ కరువే. చేతికిచ్చిన ఫోను ఎంతసేపైనా మాట్లాడుతుంది కానీ, బిడ్డ జవాబు కోసం ఆగదు.

మనం చేయవలసింది ఖర్చుతో కూడిన పనేమీ కాదు. కూర తరిగేటప్పుడు వంకాయ తొడిమను, చిక్కుడు గింజను పేరు పెట్టి చూపించాలి. బిడ్డ ‘కుక్క’ అంటే ‘అవును, నల్లకుక్క అరుగు కింద పడుకుంది’ అని మాటకు మాట చేర్చాలి. రాత్రి ప్రార్థనకు ముందు పది నిమిషాలు బొమ్మల కథను వేలు పెట్టి చూపిస్తూ చదవాలి. ‘తర్వాత ఏమైంది?’ అని అడిగి, ఓపిగ్గా ఆగాలి. అదే కథ పదిసార్లు చదవమన్నా విసుక్కోకూడదు, మాటలు నాటుకునేది ఆ పదిసార్లలోనే. చదువురాని అవ్వ కూడా కథ చెప్పగలదు. చర్చి పెద్దలు సండేస్కూల్లో ఒక పెట్టెడు తెలుగు బొమ్మల పుస్తకాలు ఉంచగలరు. పిల్లలు దేవుడిచ్చిన స్వాస్థ్యమని సాక్ష్యం చెప్పే మనం, ఆ స్వాస్థ్యానికి రోజుకు పది నిమిషాలు ఇవ్వలేమా?

ఆ తర్వాతి ఆదివారం మేము ఆ నాయనమ్మనే సండేస్కూలుకు పిలిచాం. కర్రతో మందను ఎలా మళ్లించేదో, చీకటి పడ్డాక మేకల్ని ఎలా లెక్కపెట్టుకునేదో ఆమె చెబుతుంటే పిల్లలు కదల్లేదు. కొన్ని వారాలకు పాప బైబిలు తెరిచి, వేలు పెట్టి, అదే కీర్తనను కూడబలుక్కుంటూ చదివింది. చాలాచోట్ల ఆగింది. ‘కాపరి’ దగ్గర మాత్రం ఆగలేదు, నాయనమ్మ వైపు చూసి నవ్వింది.