ముందు పటం, తర్వాతే బ్యాటరీ

పాత మోటర్ బోటు కొన్న మన సాఫ్ట్‌వేర్ మిత్రుల్లో ఒక అలవాటు గమనించాను. బోటు చేతికొచ్చిన వారం తిరక్కుండానే లిథియం బ్యాటరీలు, బ్లూటూత్ బ్యాటరీ మానిటర్, ఒక సోలార్ ప్యానెల్ ఆర్డర్ చేసేస్తారు. ఇంజన్ పక్కన మూత ఎత్తి, అక్కడున్న వైర్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతున్నాయో చూసే పని మాత్రం "తీరిగ్గా చూద్దాంలే" ఖాతాలో పడుతుంది. ఈ వరస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. బోటులో ఉన్న బ్యాటరీ వైరింగు పటాన్ని యజమాని తన చేత్తో తాను గీసుకునేదాకా ఒక్క కొత్త వస్తువు కూడా బిగించకూడదు. పటం అంటే ఎలా ఉండాలో కాదు, ఎలా ఉందో చూపించే పటం.

కరెంటు కోతల్లో ఇన్వర్టర్ చూస్తూ పెరిగినవాళ్ళకి బ్యాటరీ కొత్త కాదు. కానీ ఇంట్లో మహా అయితే ఒకటో రెండో బ్యాటరీలు, ఒక ఇన్వర్టర్, అంతే. బోటులో సాధారణంగా రెండు జట్లుంటాయి. మొదటిది ఇంజన్ స్టార్ట్ చెయ్యడానికి. అది కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇవ్వాలి. రెండోదాన్ని హౌస్ బ్యాంకు అంటారు. లైట్లు, ఫ్రిజ్, నీళ్ళ పంపు, రేడియో వంటివాటికి గంటల తరబడి కొద్దికొద్దిగా కరెంటు ఇస్తుంది. రెంటినీ విడదీయడంలో ఉద్దేశం ఒక్కటే. రాత్రంతా ఫ్రిజ్ నడిచి హౌస్ బ్యాంకు ఖాళీ అయినా, పొద్దున్నే ఇంజన్ స్టార్టవ్వాలి. అందుకని రెంటి మధ్యా ఒక సెలెక్టర్ స్విచ్చో, ఇంజన్ నడిచేటప్పుడు మాత్రమే రెంటినీ కలిపే ఆటోమేటిక్ రిలేయో ఉంటుంది. కాగితం మీద ఇంతే. కష్టం ఎక్కడొస్తుందంటే, పాతికేళ్ళ బోటుకి నలుగురు యజమానులు మారి ఉంటారు. నలుగురూ తలా నాలుగు వైర్లు కలిపి ఉంటారు. ఏది ఎందుకు కలిపారో ఎక్కడా రాసి ఉండదు.

అట్లాంటాకి ఉత్తరాన లేక్ లానియర్‌లో ఒక మిత్రుడి బోటు ఇలాంటిదే. తొంభైల నాటిది. దాని వైరింగుని ఒక శనివారమంతా కూర్చుని పట్టుకున్నాం. దొరికినవాటిలో మూడు సంగతులు చెప్తాను. నా వాదనకి అవే ఆధారం.

మొదటిది: మొత్తం మూడు బ్యాటరీలున్నాయి. పైనుంచి చూస్తే మూడూ ఒకే రకంగా కనిపిస్తాయి. మీటరు పెడితే తేలిందేమిటంటే, రెండు 6 వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు సీరీస్‌లో కలిసి 12 వోల్టుల హౌస్ బ్యాంకు అయ్యాయి. మూడోది విడిగా 12 వోల్టుల స్టార్టింగ్ బ్యాటరీ. సీరీస్‌లో కలిపితే వోల్టులు కూడతాయి, ఆంపియర్ అవర్లు అలాగే ఉంటాయి. ప్యారలల్‌లో కలిపితే వోల్టులు అలాగే ఉండి ఆంపియర్ అవర్లు కూడతాయి. ఇది మనమంతా ఇంటర్లో చదువుకున్నదే. మా వాడు అప్పటికే రెండు 12 వోల్టుల లిథియం బ్యాటరీలు కార్టులో పెట్టుకుని ఉన్నాడు. పాతవి తీసి, అదే జంపర్ కేబులుతో కొత్తవి కలిపితే ఏమవుతుంది? 12 వోల్టుల సామాన్లన్నిటికీ 24 వోల్టులు పోతాయి. పాత కేబుళ్ళున్నచోటే కొత్త బ్యాటరీ పెట్టేస్తే చాలనుకునే మనిషికి, ఆ కేబులు ఏం చేస్తోందో తెలియకపోవడం అంత ఖరీదైన విషయం.

రెండోది: స్టార్టింగ్ బ్యాటరీ పాజిటివ్ మీద నాలుగు వైర్లున్నాయి. అందులో ఒక సన్నటి వైరు మెయిన్ స్విచ్చుని పట్టించుకోకుండా నేరుగా గోడ వెనక్కి పోతోంది. "ఇదెవడో తెలివితక్కువగా పెట్టాడు, పీకేద్దామా గురూ?" అన్నాడు మా వాడు. వెంట పడి వెళ్తే అది బిల్జ్ పంపుది. బోటు అడుగున చేరిన నీళ్ళని తోడి బయటికి పోసే పంపు అది. ఎవరూ లేనప్పుడు, మెయిన్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా అది పనిచెయ్యాలి. లేకపోతే చిన్న లీకు చాలు, కట్టేసిన చోటే బోటు మునగడానికి. కాబట్టి స్విచ్చుని తప్పించి వెళ్ళడం పొరపాటు కాదు, కావాలని చేసిన ఏర్పాటు. అయితే అదే వైరుకి బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం, కొన్ని మినహాయింపులు పోగా, పాజిటివ్ వైరుకి బ్యాటరీ నుంచి 7 అంగుళాల లోపు ఫ్యూజో బ్రేకరో ఉండాలి. స్టార్టర్ మోటరు కేబులుకి మాత్రం ఆ నిబంధన లేదు. ఫ్యూజు లేని వైరు ఇన్సులేషన్ ఎక్కడో అరిగి నెగటివ్‌కి తగిలిందంటే, ఆ వైరే హీటరు కాయిల్ అవుతుంది. పెట్రోలు ఇంజనున్న బోటులో అడుగున ఆవిరి చేరుతుంది. అది గాలికన్నా బరువు. ఇక చెప్పక్కర్లేదు. అంటే ఒకే వైరులో ఒక మంచి ఆలోచన, ఒక ప్రమాదం రెండూ ఉన్నాయి. పీకేస్తే మంచిది పోతుంది, వదిలేస్తే ప్రమాదం ఉంటుంది. వైరు చివరిదాకా వెళ్ళి చూసినవాడికే ఈ రెండూ విడివిడిగా కనిపిస్తాయి.

మూడోది మనబోటి వాళ్ళకి బాగా అర్థమయ్యేది. ఆ బోటులో ముందు యజమాని పెట్టిన బ్యాటరీ మానిటర్ ఉంది. ఫోనులో యాప్ తెరిస్తే ఛార్జి ఇన్ని శాతం అని చక్కగా చూపిస్తుంది. ఇలాంటి మానిటర్ షంట్ అనే లోహపు ముక్క మీద ఆధారపడుతుంది. దాన్ని బ్యాటరీ నెగటివ్‌కీ మిగతా బోటుకీ మధ్య పెడతారు. దానిలోంచి పోయే కరెంటుని బట్టి అక్కడ కొన్ని మిల్లీవోల్టుల తేడా వస్తుంది. మానిటర్ ఆ తేడాని కొలిచి లెక్క కడుతుంది. మామూలు 500 ఆంపియర్ల షంట్‌లో పూర్తి కరెంటుకి వచ్చే తేడా 50 మిల్లీవోల్టులు. ఇక్కడ ఫ్రిజ్ నెగటివ్ షంట్ అవతల కాకుండా నేరుగా బ్యాటరీ టెర్మినల్ మీదే బిగించి ఉంది. అంటే ఫ్రిజ్ తాగే కరెంటు యాప్‌కి తెలియనే తెలియదు. రాత్రంతా ఫ్రిజ్ నడిచినా అంకె పెద్దగా కదలదు. డాష్‌బోర్డు ఆకుపచ్చగా ఉంది కాబట్టి అంతా బాగుందనుకునే జబ్బు ఆఫీసులో ఉంటే ఒక రాత్రి కాల్‌తో పోతుంది. చీకటి పడుతున్న వేళ నీళ్ళ మధ్యలో పిల్లలతో ఉన్నప్పుడు అలా పోదు.

ఇంతకీ వైర్ల వెంట పడడం ఎలా? పెద్ద విద్యేం కాదు, ఓపిక కావాలి. ముందు ఒడ్డునుంచి వచ్చే కరెంటు ప్లగ్గు పీకెయ్యాలి. ఛార్జరు, సోలార్ ఆపెయ్యాలి. ఉంగరాలు, వాచీ, కడియం తీసి జేబులో పెట్టుకోవాలి. బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మధ్య ఉంగరమో రెంచో పడితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. ఏదీ విప్పకముందే ఫొటోలు తియ్యాలి. స్విచ్ ప్యానెల్ దగ్గర మొదలుపెట్టకూడదు, బ్యాటరీ టెర్మినల్ దగ్గరే మొదలుపెట్టాలి. ప్రతి టెర్మినల్ మీద ఎన్ని కేబుళ్ళున్నాయో లెక్కపెట్టి ఒక్కొక్కదానికి నంబరు చీటీ కట్టాలి. పాజిటివ్‌వే కాదు, నెగటివ్‌వి కూడా. ఒక్కో వైరు మొదట దేన్ని చేరుతోందో చూడాలి: ఫ్యూజా, స్విచ్చా, బస్ బారా, షంటా? అక్కడిదాకా ఎన్ని అంగుళాలో రాసుకోవాలి.

గోడ వెనక మాయమైన వైరుని మల్టీమీటరుతో పట్టాలి. కరెంటు తీసేసి, రెండు చివరలూ విప్పి, ఆ చివరనుంచి ఈ చివరకి కంటిన్యుటీ చూడాలి. చివరలు విప్పకుండా చూస్తే మీటరు ఇంకో దారిలో తిరిగొచ్చి అబద్ధం చెప్తుంది. బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. అన్నీ మళ్ళీ బిగించాక మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి, ఇంకా వేటికి కరెంటు వస్తోందో కొలిచి జాబితా రాయాలి. ఆ జాబితాలో ప్రతిదానికీ ఒక కారణం ఉండాలి. కారణం దొరకనిది ఇంకా వెతకాల్సినదే.

రంగులని నమ్మొద్దు. ఆ ప్రమాణాల్లో డీసీ పాజిటివ్ ఎరుపు, నెగటివ్ నలుపు లేదా పసుపు. కానీ అమెరికాలో 120 వోల్టుల ఏసీలో నల్ల వైరే కరెంటున్న వైరు. ఒకే బోటులో రెండూ పక్కపక్కన నడుస్తాయి. ఒక నల్లవైరుని పట్టుకుంటే ఏమీ కాదు, ఇంకొకటి ప్రాణం తీస్తుంది. డీసీ నెగటివ్‌కి పసుపు వాడమని చెప్పేది ఈ గందరగోళం వల్లే.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి, "మెరైన్ ఎలక్ట్రీషియన్‌కి డబ్బిస్తే అయిపోతుంది కదా?" ఇవ్వండి. ఒడ్డు కరెంటు వైపు పనైతే తప్పకుండా ఆయనకే ఇవ్వండి. మంచినీళ్ళ చెరువులో ఏసీ లీకైతే పక్కన ఈదుతున్నవాళ్ళ ప్రాణాలు పోతాయి. అది మన వారాంతపు సరదాకి సంబంధించినది కాదు. కానీ ఎలక్ట్రీషియన్ బిల్లు గంటల లెక్కన ఉంటుంది. పటం చేతిలో పెడితే ఆయన మరమ్మతు చేస్తాడు, లేకపోతే మన డబ్బుతో పటం గీస్తాడు. పైగా చెరువు మధ్యలో ఇంజన్ మొరాయించినప్పుడు ఆయన పక్కన ఉండడు.

రెండోది మన వృత్తి జబ్బు: "పాతదంతా పీకి మొదట్నుంచీ కొత్తగా వేసేద్దాం." కొన్ని బోట్లకి అదే సరైన మందు కావచ్చు. కానీ ఏం పీకుతున్నామో తెలియకుండా పీకితే బిల్జ్ పంపు వైరుని మళ్ళీ వెయ్యాలని ఎవరికి గుర్తుంటుంది? కొత్తగా వెయ్యడానికి కూడా పాత పటమే మొదటి కాగితం.

లిథియం మోజున్నవాళ్ళకి ఈ కాగితం మరీ అవసరం. లిథియం బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు ఎంత కరెంటిస్తే అంతా మింగుతుంది. పాత రిలే దాన్ని ఆల్టర్నేటర్‌కి నేరుగా కలిపితే, ఆల్టర్నేటర్ ఆగకుండా పూర్తి లోడు మోసి కాలిపోవచ్చు. మధ్యలో కరెంటుని అదుపులో పెట్టే డీసీ-డీసీ ఛార్జరు పెట్టాలి. అది ఎక్కడ పెట్టాలో, ఏ రిలే తీసెయ్యాలో పటం లేకుండా ఎలా తెలుస్తుంది?

పెద్ద కాగితం, పెన్సిలు, పాతిక డాలర్ల లోపు మల్టీమీటరు, ఒక శనివారం. పెట్టుబడి ఇంతే. గీసిన పటం మీద తేదీ వేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, బ్యాటరీ పెట్టె మూత లోపలివైపు అంటించండి. ఏ వైరు మార్చినా ఆ రోజే పటం మీద దిద్దండి. రేపు బోటు అమ్మేటప్పుడు తాళాలతో పాటు ఆ కాగితం కూడా కొనేవాళ్ళ చేతిలో పెట్టండి.