శాలువాలు సరే, లెక్క అడిగేదెవరు?

మొన్న ఎండాకాలం మా సంఘం సభకు రాష్ట్రం నుంచి ఒక పోలీసు ఉన్నతాధికారి ముఖ్య అతిథిగా వచ్చారు. పేరెందుకు, మంచి మనిషే. బతుకమ్మ పాట పాడిన పిల్లలతో ఫోటోలు దిగారు, స్లైడ్లు వేసి కెమెరాల గురించి, షీ టీమ్స్ గురించి చెప్పారు. మేం శాలువా కప్పాం. ఊళ్ళల్లో కెమెరాలు పెట్టడానికి ఎన్నారైలు ముందుకు రావాలని ఆయన అడిగితే అక్కడికక్కడే నలుగురైదుగురు చేతులెత్తారు.

ప్రశ్నల వేళ నేను మైకు తీసుకుని ఒకటే అడిగాను. "సార్, పోలీసుల మీదే ఫిర్యాదు చేయాల్సి వస్తే మా ఊరి మనిషి ఎక్కడికి పోవాలి?"

ఆయన నవ్వి, "నాకే పెట్టండి. నా వాట్సాప్ నంబరు రాసుకోండి," అన్నారు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్ల మీదే నా కోపం. నంబరు ఇవ్వడం ఆయన మంచితనం, కాదనను. రేపు ఆయన బదిలీ అయితే ఆ మంచితనం కూడా ఆయన వెంటే బదిలీ అవుతుంది. పైగా నేను అడిగిందేమిటి, పోలీసు మీద ఫిర్యాదు పోలీసు కాని మనిషి వినే చోటు ఏదని. చికాగోలో పద్నాలుగేళ్ళుగా ఉంటూ, సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్న నాలాంటివాళ్ళకు ఈ తేడా ఒకరు విడమరిచి చెప్పాలా? ఆఫీసులో సర్వర్ నడిపేవాడి చేతికే ఆడిట్ లాగులు కూడా అప్పజెబితే మనం ఊరుకుంటామా? సొంత క్లయింటు దగ్గర ఒప్పుకోనిది సొంత రాష్ట్రంలో ఎట్లా ఒప్పుకుంటున్నాం?

సియాటెల్ సంగతి మీ అందరికీ గుర్తుంది. 2023 జనవరిలో కర్నూలు జిల్లా నుంచి చదువుకోవడానికి వచ్చిన 23 ఏళ్ళ అమ్మాయి రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 25 మైళ్ళ వేగం దాటకూడని వీధిలో ఆ కారు 74 మైళ్ళతో వచ్చింది. ఆ రాత్రే ఇంకో పోలీసు, వాళ్ళ యూనియన్ నాయకుల్లో ఒకడు, ఫోన్‌లో నవ్వుతూ ఒక చెక్కు రాస్తే సరిపోతుందన్నట్టు, ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు మాట్లాడాడు. అది అతని బాడీ కెమెరాలోనే రికార్డయింది. సెప్టెంబర్లో ఆ వీడియో బయటికొచ్చినప్పుడు మనం ఊగిపోయాం. తెలంగాణ, ఆంధ్ర అనే తేడా పక్కన పెట్టి పిటిషన్ల మీద సంతకాలు పెట్టాం. బాగా చేశాం.

మరి అక్కడ ఏం జరిగింది? పూర్తి న్యాయం జరిగిందని నేను అనను. కారు నడిపినతని మీద క్రిమినల్ కేసు పెట్టలేమని 2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ చేతులెత్తేశారు. చివరికి ట్రాఫిక్ ఉల్లంఘన కింద అయిదు వేల డాలర్ల జరిమానా. కానీ పోలీసు కాని వ్యక్తి అధిపతిగా ఉండే ఒక ఆఫీసు ఆ ఊళ్ళో ఉంది, పోలీసుల మీద ఫిర్యాదులు విచారించడమే దాని పని. అది విచారణ చేసింది, నివేదిక రాసింది, ఆ నివేదిక మనం చదవగలిగాం. నవ్వినవాడి ఉద్యోగం 2024 జులైలో పోయింది. గుద్దినవాడి ఉద్యోగం 2025 జనవరిలో పోయింది. ఆలస్యమే, అరకొరే. కానీ అడగడానికి ఒక చోటు ఉంది.

ఇప్పుడు 2019 డిసెంబర్ 6 గుర్తు చేసుకుందాం. చటాన్‌పల్లి దగ్గర తెల్లవారుజామున నలుగురు నిందితులను పోలీసులు కాల్చేశారు. ఆ పోలీసుల మీద జనం పూలు చల్లారు. మన వాట్సాప్ గ్రూపులో? నేను దాచిపెట్టను, నేను కూడా ఆ రోజు చప్పట్ల బొమ్మ పెట్టాను. పశువైద్యురాలికి జరిగిన ఘోరం చూసి రక్తం మరిగి ఉంది. తర్వాత సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ వేసింది. 2022లో బయటికొచ్చిన నివేదిక ఏం చెప్పింది? చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. ఆ నివేదిక వచ్చిన రోజు మన గ్రూపులో ఒక్క మెసేజ్ లేదు. ఎవరో పుట్టినరోజు కేకు ఫోటో పెట్టారు, అంతే.

సియాటెల్ పోలీసుకు ఒక న్యాయం, షాద్‌నగర్ పోలీసుకు ఇంకో న్యాయమా? చనిపోయింది మనమ్మాయి అయితే జవాబుదారీ కావాలి, చనిపోయింది లారీ క్లీనర్ అయితే అక్కర్లేదా?

మనకు ఇది తగదు. ఎందుకంటే మనం ఎక్కడి నుంచి వచ్చినోళ్ళం? 2009 నవంబర్ చివర్లో ఉస్మానియా క్యాంపస్‌లో లాఠీలు విరిగినప్పుడు నేను బీఈ చివరి ఏడాది. మళ్ళీ 2010 ఫిబ్రవరిలో కూడా. టియర్ గ్యాస్ వాసన ఎట్లుంటదో ఆ క్యాంపస్‌లో తిరిగిన ప్రతి ఒక్కడికీ తెలుసు. అప్పుడు హాస్టల్లో మేం అనుకున్న మాట ఒకటే: మన రాష్ట్రం మనకొస్తే ఈ పోలీసు ఇట్ల ఉండడు. అనుకున్నది తప్పు. రాష్ట్రం వచ్చింది, ఇన్నోవాలు వచ్చాయి, 'ఫ్రెండ్లీ పోలీసింగ్' అన్న మాట వచ్చింది, 2022లో బంజారాహిల్స్‌లో ఆకాశాన్నంటే కమాండ్ కంట్రోల్ సెంటర్ వచ్చింది. రాష్ట్రం వచ్చిన మొదటి ఏడాదిలోనే, 2015 ఏప్రిల్ 7న, ఆలేరు దగ్గర ఎస్కార్టు వాహనంలో అయిదుగురు విచారణ ఖైదీలు కాల్పుల్లో చనిపోయారు. చేతులకు సంకెళ్ళతో ఉన్న శవాల ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. 2017లో నేరెళ్ళ. 2021 జూన్‌లో అడ్డగూడూరు ఠాణాలో ఒక దళిత మహిళ. 2023లో మెదక్‌లో, గొలుసు దొంగతనం అనుమానంతో పట్టుకెళ్ళిన ఒక కూలి మనిషి. పార్టీ మారినా ప్రభుత్వం మారినా ఠాణా మారలేదు, కాబట్టి దీన్ని ఏ పార్టీ మీద తిట్టుగానూ వాడుకోకండి.

మరి చట్టంలో దారి లేదా అంటే, ఉంది. 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో పోలీసు ఫిర్యాదుల అథారిటీ పెట్టమంది. రాష్ట్ర స్థాయిలో ఒకటి, ఎస్పీ ఆపై అధికారుల మీద ఫిర్యాదులకు. జిల్లా స్థాయిలో ఒకటి, డీఎస్పీ వరకు. రిటైర్డు జడ్జి అధ్యక్షుడు. కస్టడీ మరణం, తీవ్ర గాయాలు, కస్టడీలో అత్యాచారం వంటివి రెండూ చూడాలి. జిల్లా అథారిటీ అయితే పోలీసులు డబ్బులు గుంజడం, భూములు, ఇళ్ళు కాజేయడం కూడా చూడొచ్చు. వాళ్ళ సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడాలి. ఉమ్మడి రాష్ట్రంలో దీన్ని అటకెక్కించారు. సొంత రాష్ట్రంలోనూ ఏళ్ళ తరబడి నాన్చారు. మీకు నమ్మకం లేకపోతే ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి, మన జిల్లాకు పోలీసు ఫిర్యాదుల అథారిటీ ఎక్కడుందని. మానవ హక్కుల కమిషన్ సంగతి ఇంకా ఘోరం. 2022 చివర్లో ఛైర్మన్ పదవీకాలం అయిపోతే ఆ కుర్చీ రెండేళ్ళకు పైగా ఖాళీగా ఉంది. ఆ రెండేళ్ళలో పోలీసు కుర్చీ ఏదైనా అంతకాలం ఖాళీగా ఉందేమో చూడండి.

భూములు అన్నాను కదా, మా ఇంట్లోనే జరిగింది చెప్తా. మా మేనమామకు ఎకరం పది గుంటల భూమి తగాదా ఉంది. కోర్టులో నడుస్తున్న సివిల్ కేసు. అవతలివాళ్ళు మాట్లాడుకుంటే ఠాణాకు పిలిచి పొద్దుటి నుంచి రాత్రి పది దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. కొట్టలేదు. "సంతకం పెడతవా, రేపు మళ్ళొస్తవా" అని మాత్రం అడిగారు. ఆయన మూడు రోజులు పోయాడు. నాలుగో రోజు సంతకం పెట్టాడు. నేను ఇక్కడి నుంచి ఫోన్ చేసి పై అధికారికి రాద్దాం మామా అంటే, "ఊకో బిడ్డా, నువ్వు రాస్తవు, ఆయన మళ్ళా గా సారుకే పంపిస్తడు. నేనుండేది ఈడ" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కమ్యూనిటీ పోలీసింగ్ అంటే నాకు వ్యతిరేకత లేదు. షీ టీమ్స్ వల్ల ధైర్యంగా బస్సెక్కిన అమ్మాయిలు మా ఇంట్లోనే ఉన్నారు. కానీ అక్కడ 'కమ్యూనిటీ' అంటే ఎవరు? సైబరాబాద్‌లో పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి నడిపే సెక్యూరిటీ కౌన్సిల్ 2006 నుంచి ఉంది. మహిళలకు షటిల్ బస్సులు, ట్రాఫిక్ వాలంటీర్లు, మంచి పనులే. ఆ బల్ల దగ్గర కంపెనీలకు కుర్చీ ఉంది. అదే గచ్చిబౌలి పక్క బస్తీలో, అర్ధరాత్రి కార్డన్ సెర్చ్ పేరుతో ఇంట్లోకొచ్చి బండి కాగితాలు చూపమని లేపిన ఇస్త్రీ బండాయనకు ఏ బల్ల దగ్గర కుర్చీ ఉంది? డబ్బిచ్చేవాడు భాగస్వామి, లేనివాడు అనుమానితుడు. మనం పంపే కెమెరా చందా కూడా ఈ లెక్కలోకే పోతుంది. 2013 ప్రజా భద్రతా చట్టం దుకాణాల మీద, కాలనీల మీద కెమెరాలు పెట్టమంది, పెట్టాం. 2020 డిసెంబర్లో సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలో కెమెరాలు పెట్టి, వీలైతే 18 నెలలు, తక్కువలో తక్కువ ఏడాది రికార్డింగు దాచాలని చెప్పింది. వీధి కెమెరాకు చందా అడిగిన అధికారి ఠాణా కెమెరా గురించి ఒక్క స్లైడు వేయలేదు. ఇక ఫోన్ ట్యాపింగు కేసులో హార్డ్ డిస్కులే ధ్వంసం చేశారని 2024లో పోలీసులే పోలీసుల మీద ఆరోపించారు. మన ఫీల్డు వాళ్ళకు ఇంతకన్నా చెప్పాలా.

"అమెరికాలో నడుస్తుంది గానీ మన దగ్గర నడవదు" అంటారు కొందరన్నలు. ఇక్కడ కూడా ఎవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వలేదన్నా. న్యూయార్కులో పౌర సమీక్షా బోర్డును పోలీసు యూనియన్లు ప్రచారం చేసి 1966లో ఓట్లతో రద్దు చేయించాయి. పూర్తిగా పౌరులతో కూడిన బోర్డు రావడానికి 1993 దాకా పట్టింది. మా చికాగోలో 2014లో 17 ఏళ్ళ నల్లజాతి కుర్రాణ్ణి 16 తూటాలు కాల్చి చంపిన వీడియో 13 నెలలు బయటికి రాలేదు. కోర్టు చెబితే వచ్చింది. జనం రోడ్డెక్కితే పాత విచారణ సంస్థ పోయి కొత్తది వచ్చింది. 2021లో ఆర్డినెన్సు చేశారు, 2023 ఫిబ్రవరిలో 22 పోలీసు జిల్లాలకు ముగ్గురు చొప్పున 66 మంది పౌర ప్రతినిధులను ఎన్నుకున్నారు. మా జిల్లా మీటింగుకు నేను రెండుసార్లు పోయాను. లైబ్రరీ గదిలో ఇరవై మంది కూడా లేరు, ఒక ముసలావిడ సైరన్ల మోత గురించే అరగంట మాట్లాడింది. బోరు కొట్టింది. కానీ పోలీసు కమాండర్ లేచి నిలబడి ఆవిడకు జవాబు చెప్పాడు. ఎవరూ ఆయనకు శాలువా కప్పలేదు.

ఇంకో వాదన, పౌరుల పెత్తనం అంటే ఎమ్మెల్యేల పెత్తనం అవుతుందని. ఇప్పుడున్నదే అది కదా! ఎస్సై పోస్టింగుకు ఎవరి లెటర్ కావాలో ఊళ్ళో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. చాటుగా ఫోన్ చేసే ఎమ్మెల్యే వేరు, అందరి ముందు విచారణ జరిపి కారణాలు రాసి సంతకం పెట్టే రిటైర్డు జడ్జి వేరు. మొదటిదాన్ని తగ్గించాలంటే రెండోది ఉండాల్సిందే.

అందుకే మా కార్యవర్గానికి ఒక తీర్మానం రాశాను. ఠాణా లోపలి కెమెరాలు పనిచేస్తున్నాయని, రికార్డింగు ఏడాది దాస్తున్నారని రాతపూర్వకంగా చెప్పని ఏ ఠాణా పరిధిలోనూ మన చందాతో కెమెరా పెట్టొద్దు. సభకు పోలీసు అధికారిని పిలిస్తే అదే వేదిక మీద కస్టడీ కేసులు వాదించే వకీలును కూడా పిలవాలి. మనలో భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు తమ తమ జిల్లాల ఫిర్యాదుల అథారిటీకి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నింటిలో చర్య తీసుకున్నారు అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. రుసుము పది రూపాయలు.

సమావేశం వచ్చే నెల రెండో శనివారం. తీర్మానం బలపరచడానికి ఇంకొకరి సంతకం కావాలి. ఇప్పటిదాకా అడిగిన ముగ్గురూ "మంచిదే గానీ, ఊళ్ళో మనోళ్ళుంటరు కదా తమ్మీ" అన్నారు. వాళ్ళ భయం నాకు తెలుసు, మా మామ కూడా అదే మాటన్నాడు. నాలుగో మనిషి కోసం చూస్తున్నాను.