నామినీ పేరు రాస్తే చాలదు

2021 మేలో మా కొవిడ్ వార్డులో ఆక్సిజన్ మీదున్న ఒకాయన మాస్కు పక్కకు తీసి, "ఫోన్ కలపండి డాక్టర్ గారూ, మా ఆవిడకు ఏటీఎం పిన్ చెప్పాలి" అన్నారు. డబ్బు లేక కాదు. ఉన్నదంతా ఆయన పేరిటే ఉంది. ఇంటి దగ్గర ఆమెకూ పాజిటివే.

నామినీ ఉన్నారుగా అంటారు చాలామంది. మనిషి బతికుండగా నామినీ ఆ ఖాతాలోంచి చిల్లిగవ్వ తీయలేరు. కాబట్టి ఈఎంఐలతో కలిపి కనీసం మూడు నెలల ఇంటి ఖర్చును ఇద్దరిలో ఎవరైనా తీసుకోగల జాయింటు ఖాతాలో ఉంచండి. బంగారం ఉందనుకుంటే, 2020 లాక్‌డౌన్‌లా ఊరంతా మూతపడినప్పుడు దాన్ని ఎక్కడ కుదువ పెడతారు?

బీమా కూడా జ్వరాలు మొదలయ్యాక కొంటే అక్కరకు రాదు. కొత్త పాలసీలో సాధారణంగా మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు క్లెయిం ఉండదు. ఆఫీసువాళ్లిచ్చే బీమా సంగతి సరేసరి, ఉద్యోగంతోపాటే పోతుంది. రోగాలు ముదిరే రోజుల్లోనే ఉద్యోగాలూ ఊడతాయని అప్పుడు చూశాం కదా.

ఇంట్లో బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు నెల మాత్రలు అదనంగా ఉంచండి. యాంటీబయాటిక్స్ మాత్రం దాచొద్దు.

ఆ రోజు ఫోన్ నేనే పట్టుకున్నాను. నాలుగంకెలు చెప్పడానికి ఆయన మూడుసార్లు ఆగారు.