పరీక్షలో తప్పిన పాత బండి.. ముందు ఆగాలి, తర్వాతే పరుగు

పదిహేనేళ్లు నిండిన మోటారు సైకిలును రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు తీసుకువెళ్లి, తనిఖీలో నెగ్గక వెనక్కి తెచ్చుకున్న యజమానికి మొదట కలిగేది కోపం. నిన్నటి వరకు పొలానికి, పాల కేంద్రానికి, పిల్లల బడికి తిరిగిన బండి ఈ రోజు ఎందుకు పనికిరాకుండా పోయిందన్నది ఆయన ప్రశ్న. ఆ వెంటనే తోచేది ఉపాయం. తెలిసినవారి టైరు ఒక పూటకు బిగించి, అద్దాలు అరువు తెచ్చి, మధ్యవర్తిని పట్టుకుని 'పాసింగ్' గట్టెక్కించవచ్చునన్న ఆలోచన. ఈ రెంటి నడుమ అసలు విషయం మరుగున పడుతోంది. తనిఖీలో బయటపడిన లోపాలు కార్యాలయానికి సంబంధించినవి కావు. మరునాడు ఆ బండి ఎక్కే కుటుంబానికి సంబంధించినవి.

2010 ప్రాంతంలో పల్లెల్లోకి వచ్చిన వంద సీసీ బళ్లకు ఈ గడువు ఇటీవలే వచ్చింది. అంతకు అయిదేళ్ల ముందు కొన్నవి ఇరవై ఏళ్లు దాటాయి. పల్నాడు వంటి జిల్లాల్లో ఇవి కేవలం మనిషిని మోసే వాహనాలు కావు. ఎరువు బస్తా, మందుల డబ్బా, పాల క్యాను, మిర్చి టిక్కీ.. అన్నింటికీ ఇవే ఆధారం. నల్లరేగడి బురదలో దిగి, గుంతల దారుల్లో బరువు మోసిన బండి పట్టణంలో తిరిగిన బండి కంటే త్వరగా అరుగుతుంది. పాలిష్ పట్టిస్తే ఆ అరుగుదల కనిపించదు, కానీ తగ్గదు.

చట్టం చెప్పేది ఇదీ..

మోటారు వాహనాల చట్టం-1988లోని 41వ సెక్షన్ ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకు చెల్లుతుంది. ఆ తర్వాత అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఇందుకు ఫారం-25లో దరఖాస్తు చేయాలి. గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచే దరఖాస్తుకు వీలుంది. 2022 ఏప్రిల్ నుంచి మోటారు సైకిలు పునరుద్ధరణ రుసుము రూ.300 నుంచి రూ.1,000కి పెరిగింది. ఆలస్యమైన ప్రతి నెలకూ రూ.300 అదనం. ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిలుకు 2025 ఆగస్టులో రుసుమును రూ.2,000 చేశారు. రాష్ట్రం విధించే హరిత పన్ను దీనికి వేరు.

పదిహేనేళ్లు దాటితే బండిని తుక్కు చేయాల్సిందేనన్న ప్రచారం పల్లెల్లో బలంగా ఉంది. ఇది ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాలకు 2014లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన ఆదేశాల నుంచి పుట్టిన అపోహ. ఆంధ్రప్రదేశ్‌లో సొంత వాహనానికి అటువంటి నిషేధం లేదు. బండి బాగుండి, కాగితాలు సరిగా ఉంటే మరో అయిదేళ్లు నడుపుకోవచ్చు.

కొత్త బండికి ఉండే హంగులు పాత బండికి లేవని కూడా తిప్పి పంపరు. రెండు బ్రేకులు కలిసి పనిచేసే విధానం, లేదా చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచే తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు తయారైన బండిని దాని కాలపు ప్రమాణాలతోనే చూస్తారు. కంపెనీ ఇచ్చిన బ్రేకు కంపెనీ నుంచి వచ్చిననాటిలాగా పట్టాలి. అంతే.

తెలియదనడానికి వీల్లేదు..

తనిఖీలో తప్పిన తర్వాత యజమాని పరిస్థితి చట్టం దృష్టిలో మారిపోతుంది. ప్రజలకు ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసీ, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండీ బండి నడిపితే, నడపనిస్తే 190వ సెక్షన్ కింద రూ.1,500 వరకు జరిమానా ఉంది. ఆ లోపం వల్లే ప్రమాదం జరిగి ఎవరైనా గాయపడితే మూడు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. బ్రేకు పట్టడం లేదని అధికారి చెప్పాక 'నాకు తెలియదు' అనే మాట నిలవదు.

బీమా సంగతీ అంతే. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిన వాహనం చోరీకి గురైన కేసులో, రిజిస్ట్రేషన్ లేకుండా వాడటం పాలసీ షరతులను మౌలికంగా ఉల్లంఘించడమేనని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరిహారం ఇవ్వనవసరం లేదని తేల్చింది. ప్రీమియం కట్టాం కదా అన్న ధీమా సరిపోదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల మృతులు 1,68,491 మంది. వారిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. అన్ని ప్రమాదాలకూ బండి లోపమే కారణం కాదు. కాని ఎదుటివారి తప్పు నుంచి బయటపడేందుకు చివరి క్షణంలో చేతిలో ఉండేది బ్రేకు, టైరు మాత్రమే.

ఖర్చు ఎటు పోతోంది..

తనిఖీలో తప్పిన బండి మెకానిక్ వద్దకు చేరగానే చర్చ ఇంజను మీదికి మళ్లుతుంది. పొగ, మైలేజీ, శబ్దం గురించే మాట్లాడుకుంటారు. బోరింగ్, పిస్టన్, వాల్వుల పనికి వేలు పోస్తారు. డబ్బు అయిపోయాక బ్రేకు లైనర్లు 'ఇంకొన్నాళ్లు వస్తాయిలే' అని వదిలేస్తారు. బలం పెరిగి, ఆగే శక్తి పెరగని బండి మునుపటి కంటే ప్రమాదకరం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరంతో పోలిస్తే, 60 కిలోమీటర్ల వేగంలో అది రెండుంబావు రెట్లు అవుతుంది. వాహన తనిఖీ అధికారిని జనం 'బ్రేక్ ఇన్‌స్పెక్టరు' అని పిలవడంలోనే తనిఖీ పరమార్థం ఉంది. అందుచేత మరమ్మతుకు వరుస ఉండాలి.

మొదట ఆగడం: బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కనుక ఎక్కువ పని ముందు బ్రేకుదే. పడిపోతామన్న భయంతో చాలామంది దాన్ని వాడరు. వాడక కేబుల్ తుప్పు పడుతుంది, క్యామ్ బిగుసుకుంటుంది. రెండు చక్రాలూ విప్పించి లైనర్లు, డ్రమ్ము, కేబుల్, క్యామ్, స్ప్రింగులు చూపించాలి. చాలా బళ్లకు బ్రేకు చేయి దగ్గర అరుగుదల గుర్తు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు బాణం ఆ గుర్తుకు చేరితే లైనర్లు మార్చాలి. నట్టు బిగించి కాలం గడపరాదు. గీతలు పడి, పరిమితికి మించి అరిగిన డ్రమ్ములో కొత్త లైనర్లు వేసినా పట్టు రాదు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక ఆ పొడిని గాలితో ఊదకుండా తడి గుడ్డతో తుడవాలి.

టైరు: ద్విచక్ర వాహనం టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గరాదన్నది నిబంధన. గాడి ఉన్నంత మాత్రాన టైరు మంచిదని కాదు. పక్క గోడపై ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2312 అని ఉంటే అది 2012లో 23వ వారంలో తయారైనది. పగుళ్లు బారిన అటువంటి టైరు గాడి మిగిలి ఉన్నా పనికిరాదు. అరువు టైరుతో తనిఖీ గట్టెక్కినవారు ఇంటికి తిరిగి వచ్చేది ఈ టైరు మీదే.

రెండోది నిలకడ: హ్యాండిల్ మధ్యలో పట్టేసినట్లు ఉంటే బాల్ రేసులు పోయాయని అర్థం. ముందు ఫోర్కు నుంచి ఆయిల్ కారితే సీళ్లు మార్చాలి. జారిన ఆయిల్ బ్రేకు భాగాలకు చేరితే ముప్పు. వెనుక చక్రాన్ని అటూ ఇటూ ఊపితే కదులుతుంటే చక్రం బేరింగులు, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు చూడాలి. వదులైన స్పోకులు, వంగిన రిమ్ము, సాగిన చైను కూడా ఈ కోవలోవే. చైను మారిస్తే స్ప్రాకెట్లూ మార్చాలి. పాత పళ్లు కొత్త చైనును త్వరగా తినేస్తాయి.

మూడోది కనిపించడం: హెడ్‌లైటు, బ్రేకు లైటు, ఇండికేటర్లు, హారను, అద్దాలు. ముందు బ్రేకు పట్టినా, వెనుక పెడల్ నొక్కినా బ్రేకు లైటు వెలగాలి. వెనుక కూర్చునేవారికి పట్టుకునే పిడి, పాదం పెట్టే ఫుట్‌రెస్టు, చీర చక్రంలో పడకుండా అడ్డు ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. బస్తాలకు అడ్డమని చీర గార్డు పీకేసిన బళ్లు పల్లెల్లో అనేకం.

ఆ తర్వాతే పొగ: 2000 మార్చి తర్వాత తయారైన పాత తరం నాలుగు స్ట్రోకుల బండికి కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం, హైడ్రోకార్బన్లు 4,500 పీపీఎం మించరాదు. ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గు, కార్బురేటర్ ట్యూనింగ్ సరిచేస్తే చాలాసార్లు ఇందులో నెగ్గవచ్చు. నీలిరంగు పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతున్నట్లు. అప్పుడు ఇంజను విప్పక తప్పదు.

కాగితాల చిక్కు..

ఛాసిస్, ఇంజను నంబర్లు ఆర్‌సీతో సరిపోవాలి. తుప్పు పట్టి చదవరాని నంబరును సొంతంగా కొట్టించడం పెద్ద తప్పు. కార్యాలయాన్ని అడిగాకే ఏ పనైనా చేయాలి. ఇంజను మార్చినట్లయితే 52వ సెక్షన్ ప్రకారం ఆ మార్పును ఆర్‌సీలో నమోదు చేయించాలి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత ఇంజను దొరకవచ్చు. బిల్లు లేని ఇంజను చౌకగా వచ్చినా రేపు దొంగ సొత్తుగా తేలితే బండీ పోతుంది, పరువూ పోతుంది. మార్చిన ప్రతి భాగానికీ బిల్లు తీసుకుని, పాత భాగాన్ని కళ్లతో చూసుకోవడం మంచి అలవాటు.

గడువు తీరిన బండిని రోడ్డుపై నడుపుతూ తనిఖీకి తీసుకువెళ్లడం కూడా నేరమే. గడువుకు ముందున్న 60 రోజులను ఇందుకే వాడుకోవాలి. అప్పుడు తనిఖీలో తప్పినా బాగుచేయించి మళ్లీ వెళ్లేందుకు వ్యవధి ఉంటుంది. గడువు దాటిన బండిని ట్రాలీలో తరలించడమే క్షేమం.

బాగు చేయాలా, వదిలేయాలా..

ఫ్రేము వంగినా, వెల్డింగు అతుకుల దగ్గర పగిలినా ఆ బండిపై డబ్బు పోయడం దండగ. నమోదైన తుక్కు కేంద్రానికి ఇచ్చి ధ్రువపత్రం తీసుకుని రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. ఫ్రేము గట్టిగా ఉంటే లైనర్లు, కేబుళ్లు, టైర్లు, బేరింగుల ఖర్చు కొత్త బండి ధరతో పోలిస్తే స్వల్పం. కొనలేని కుటుంబానికి ఇది న్యాయమైన మార్గం.

యంత్రాంగం బాధ్యతా ఉంది. ఏ లోపం వల్ల తిప్పి పంపారో రాతపూర్వకంగా, తెలుగులో ఇస్తే యజమాని దానిని నేరుగా మెకానిక్ చేతికి ఇవ్వగలడు. 'సరిగా లేదు, పో' అన్న మాట మనిషిని మధ్యవర్తి వద్దకు నడిపిస్తుంది, లోపాల చీటీ మరమ్మతు షెడ్డుకు నడిపిస్తుంది. మండల కేంద్రాల్లో నెలకొకసారి ముందస్తు తనిఖీ శిబిరం పెడితే దూరాభారం తగ్గుతుంది. గ్రామీణ మెకానిక్‌లకు తనిఖీ అంశాలపై ఒక పూట శిక్షణ ఇచ్చినా ప్రయోజనం పెద్దది.

తనిఖీ అయిదేళ్లకోసారి వస్తుంది. బ్రేకు అవసరం రోజూ వస్తుంది. అధికారి సంతకం కోసం బాగు చేయించిన బండి ఆ ఒక్క రోజుకే పనికొస్తుంది. ఎక్కేవారి కోసం బాగు చేయించిన బండికి సంతకం కూడా దక్కుతుంది.