పేరు కన్నా పొరుగు ముఖ్యం

ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాలోని కొన్ని ఇళ్లల్లో సంతోషంతోపాటే ఒక కలవరం కూడా అడుగుపెడుతుంది. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలూ ఇందుకు మినహాయింపు కాదు. కూతురికి హార్వర్డ్‌లోనూ, యేల్‌లోనూ సీటొచ్చింది. మే 1లోగా ఒక్కదానికే సరేననాలి. బంధువులంతా హార్వర్డే అంటారు, వారు విన్న పేరు అదే గనుక. ప్రార్థన చేసి చీట్లు వేద్దామనేవారూ లేకపోలేదు. నాలుగేళ్లపాటు ఆ బిడ్డ ఎవరి మధ్య బతుకుతుందని అడిగేవారే తక్కువ.

చదువులో ఈ రెండింటికీ తేడా వెతకడం వృథా ప్రయాస. సంఘాలకు బోధకులను తయారు చేయాలన్న తపన రెండింటి పుట్టుకలోనూ ఉంది. మసాచుసెట్స్ ప్యూరిటన్లు 1636లో స్థాపించిన కళాశాలకు జాన్ హార్వర్డ్ అనే యువ బోధకుడు 1638లో చనిపోతూ తన ఆస్తిలో సగాన్ని, సుమారు 400 పుస్తకాలను ఇచ్చాడు. 1701లో కనెటికట్‌లో పుట్టిన రెండోదానికి పేరిచ్చిన ఎలిహు యేల్ మనకు మరీ పరాయివాడు కాదు. మద్రాసు సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా పనిచేశాడు. ఆ కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో 1680లో జరిగిన మొట్టమొదటి పెళ్లి ఆయనదే. ఆయనకు మద్రాసు బానిస వ్యాపారపు మరక కూడా ఉంది. బానిసత్వంతో తనకున్న సంబంధాలకు యేల్ విశ్వవిద్యాలయం 2024లో క్షమాపణ చెప్పింది. పేరు చూసి మురిసిపోయేవారు ఇదీ తెలుసుకోవాలి.

అసలు తేడా బసలో ఉంది. యేల్‌లో 14 నివాస కళాశాలలున్నాయి. విద్యార్థి అక్కడ అడుగుపెట్టకముందే ఒక కళాశాలకు కేటాయిస్తారు. చదువు ముగిసేదాకా ఆమె ఆ ఇంటి బిడ్డే. మొదటి ఏడాది చాలామంది ఓల్డ్ క్యాంపస్‌లో ఉన్నా, తమ కళాశాలవారితోనే ఉంటారు. అదే కళాశాలకు చెందిన ఆఖరి ఏడాది విద్యార్థులు వారిని కనిపెట్టుకుని ఉంటారు.

హార్వర్డ్‌లో పద్ధతి వేరు. మొదటి ఏడాదివారంతా హార్వర్డ్ యార్డ్‌లోనో, దాని పక్కనో ఉంటారు. అందరికీ ఆనెన్‌బర్గ్ అనే ఒకే పెద్ద భోజనశాల. ఆ వసంతంలో స్నేహితులు 8 మంది వరకూ జట్టుగా పేర్లిస్తే 12 హౌస్‌లలో ఒకటి లాటరీలో వస్తుంది. ఇక్కడ చీట్లు నిజంగానే వేస్తారన్నమాట! చొరవగల పిల్లలకు ఇది సరదా. కానీ ఎవరిని కలుపుకోవాలి, ఎవరిని వదిలేయాలి అన్న లెక్కల్లో, నెమ్మదిగా స్నేహం చేసే పిల్ల నలిగిపోవచ్చు. అలాంటి బిడ్డకైతే నేను సందేహించకుండా యేలే చెబుతాను.

విచిత్రమేమిటంటే, ఈ రెండు ఏర్పాట్లకూ డబ్బిచ్చింది ఒక్కడే. యేల్‌లో చదివిన ఎడ్వర్డ్ హార్క్‌నెస్ మొదట తన కళాశాలకే ఇస్తానన్నాడు. వాళ్లు తాత్సారం చేశారు. హార్వర్డ్ వెంటనే ఒప్పుకుని 1930లోనే హౌస్‌లు తెరిచింది. యేల్‌కు 1933 దాకా పట్టింది.

ఊళ్లూ చూడాలి. హార్వర్డ్ గేటు దాటి మెట్రో ఎక్కితే బోస్టన్ మహానగరం. యేల్ ఉన్న న్యూహేవెన్ చిన్న పట్టణం, న్యూయార్క్ రైల్లో రెండు గంటల దూరం. సేవ చేయాలన్న మనసుంటే రెండు చోట్లా దారులున్నాయి. యేల్‌లో 1886 నాటి డ్వైట్ హాల్ ఉంది. హార్వర్డ్‌లోని సేవాసంస్థ ఫిలిప్స్ బ్రూక్స్ పేరు మీద నడుస్తోంది. 'ఓ లిటిల్ టౌన్ ఆఫ్ బెత్లెహామ్' అనే క్రిస్మస్ గీతం రాసిన బోధకుడాయన. ఇక ఖర్చు సంగతి. రెండూ కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తాయి. రెండు ఉత్తరాల్లోని అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. తేడా ఉంటే మళ్లీ పరిశీలించమని అడగడానికి మొహమాటపడకండి.

సీటొచ్చిన వారిని ఏప్రిల్‌లో పిలిచి చూపించే రోజులుంటాయి. యేల్‌లో వాటిని బుల్‌డాగ్ డేస్ అంటారు, హార్వర్డ్‌లో విజిటాస్ అంటారు. అప్పుడు ఎక్కడ చూసినా పెళ్లి సందడే గనుక ఆ మెరుపులను నమ్మలేం. భోజనశాలలో రెండో ఏడాది విద్యార్థి పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగమని అమ్మాయికి చెప్పండి: "జ్వరమొచ్చి రెండు రోజులు గదిలోంచి బయటికి రాకపోతే, నిన్ను వెతుక్కుంటూ ఎవరొచ్చారు?" ఆ కాసేపు అమ్మానాన్నలు దూరంగా, వేరే బల్ల దగ్గర కూర్చోవాలి.