టులెట్ బోర్డు ముందు ‘చైనా డాక్టర్’

మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ దగ్గర ఈ వారం కంటబడ్డ ఒక టులెట్ బోర్డు మీద మూడే ముక్కలు: ఫ్యామిలీకి మాత్రమే, బ్యాచిలర్లకు ఇవ్వబడదు, ప్యూర్ వెజ్. పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో రాత్రంతా మేలుకొని కుట్లు వేసే డాక్టర్ పిల్లల్ని ఆ మూడు ముక్కలే ఊరవతలికి తోసేశాయి. బోర్డు రాయించిన పెద్దమనిషికి నడిరాత్రి గుండెలో నొప్పి లేస్తే ముందుగా నాడి పట్టుకుని చూసేదీ ఆ పిల్లలే.

వాళ్లలోనూ మరీ అన్యాయమైపోతున్నది విదేశాల్లో చదివి వచ్చినవాళ్లు. బిష్కెక్‌లోనో టిబిలిసిలోనో మనీలాలోనో ఐదారేళ్లు చదివి, ఇక్కడి పరీక్ష నెగ్గి, ఇంటర్న్‌షిప్‌కు నల్లగొండో పాలమూరో వస్తే రెండు సూట్‌కేసులతో బస్సు దిగుతారు. కరీంనగర్ పిల్లకో, ఖమ్మం పిల్లవాడికో ఇక్కడ మేనత్తా ఉండదు, పెదనాన్నా ఉండడు. ఇక పెళ్లిచూపుల్లాంటి తంతు మొదలు.

“ఏం చేస్తవు బిడ్డా?”

“డాక్టర్నాంటీ. పెద్దాసుపత్రిల ఇంటర్న్‌షిప్.”

ఇంటామె మొహం విచ్చుకుంటుంది. “ఏ కాలేజీల చదివినవు?”

“కిర్గిజ్‌స్తాన్‌ల.”

“ఓ... చైనా డాక్టరా!”

కిర్గిజ్‌స్తాన్ అయినా ఫిలిప్పీన్స్ అయినా ఓనర్లకు అంతా చైనాయే. ఆ తర్వాత ప్రశ్నలు వరుస కడతాయి. పెండ్లయిందా, ఎవరెవరు వచ్చిపోతరు, కూర ఏం వండుకుంటవు. రాత్రి పదింటికి గేటుకు తాళం పడుతుందని షరతు. లేబర్ రూం డ్యూటీ అయ్యేసరికి రెండు కొట్టినా కొట్టొచ్చని చెబితే, “ఆడపిల్లవు, అంత రాత్రి ఏం డ్యూటీ?” అని ఆశ్చర్యం. కులం సంగతి ఆఖరున వస్తుంది. అదీ సూటిగా కాదు; ఇంటిపేరు, ఊరు, ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు అని చుట్టూ తిప్పి. జవాబు నచ్చకపోతే తయారుగా ఒక మాట ఉంటుంది: “మా పిలగాడు అమెరికా నుంచి వస్తుండు, ఇల్లు మాకే కావాలె.”

‘చైనా డాక్టర్’ అనే వెక్కిరింతకు లెక్కలతోనే జవాబు చెప్పాలి. విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్లు రాసే స్క్రీనింగ్ పరీక్ష 2002 నుంచి ఉంది. 300 మార్కులకు 150 తెచ్చుకోవాలి. 2024 జూన్ విడత రాసినవాళ్లలో గట్టెక్కింది ఐదుగురిలో ఒక్కరే. పెద్దాసుపత్రి మెట్లెక్కేది ఆ ఒక్కరే. ఇక్కడి ప్రైవేటు కాలేజీలో బీ కేటగిరీ సీటుకు ఏడాదికి పదకొండు లక్షల పైచిలుకు పోసి చదివినవాళ్లకు ఇలాంటి వడపోత లేదు. అందరికీ ఒకే పరీక్ష పెడతామని 2019 నాటి జాతీయ మెడికల్ కమిషన్ చట్టం చెప్పింది. ఆ ‘నెక్స్ట్’ 2023లో తేదీల దాకా వచ్చి వాయిదా పడింది. ఇంటి ఓనర్లకు ఇవన్నీ తెలియాలని లేదు కానీ, తెలియనప్పుడు వెక్కిరించకుండా ఉండొచ్చు.

2022లో ఉక్రెయిన్ బంకర్లలోంచి బయటపడి వచ్చిన పిల్లలకు విమానాశ్రయాల్లో మంత్రులు గులాబీలిచ్చారు. అదే ఏడాది జులైలో మెడికల్ కమిషన్, ఆఖరి సంవత్సరంలో ప్రాక్టికల్స్ పోగొట్టుకుని వచ్చినవాళ్లు ఏడాది కాదు, రెండేళ్లు ఇంటర్న్‌షిప్ చేయాలంది. శిక్షణ తక్కువైంది కాబట్టి అది సబబే అనుకుందాం. రెండేళ్లు ఎక్కడ తల దాచుకోవాలో మాత్రం ఏ సర్క్యులర్‌లోనూ లేదు.

డబ్బు సంగతి చూద్దాం. రాష్ట్రంలో ఇంటర్న్‌ల స్టైపెండ్ 2025 జూన్‌లో 25,906 నుంచి 29,792 రూపాయలకు పెరిగింది. విదేశీ పట్టా ఉన్నవాళ్లకూ అందరితో సమానంగా ఇవ్వాలని మధ్యప్రదేశ్, రాజస్థాన్ కాలేజీల కేసులో 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అంటే అంతదాకా ఆ కాలేజీలు ఉట్టి పుణ్యానికే పని చేయించుకున్నాయన్నమాట. మన దగ్గర స్టైపెండ్ నెలనెలా ఇవ్వండి మహాప్రభో అని అదే ఏడాది జూన్‌లో జూనియర్ డాక్టర్లు సమ్మెకే దిగారు. ఓనర్ మాత్రం ఐదో తారీఖు దాటనివ్వడు. రెండు నెలల అడ్వాన్స్ ముందే గుంజుకుంటాడు.

ఇక ఈ శీర్షిక చదివేవాళ్లకు చెవులు చిల్లులు పడిన పాత గోల: పెద్ద డాక్టర్ల అప్ అండ్ డౌన్. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఎనిమిదేళ్లలో ఎనిమిది సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. 2016లో మహబూబ్‌నగర్, 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తి, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి. నల్లగొండ కాలేజీకి సొంత భవనం ప్రారంభమైంది 2024 డిసెంబరులో, కాలేజీ పెట్టిన ఐదేళ్లకు. భవనాలకు రిబ్బన్లు కత్తిరించారు గానీ, అందులో పని చేసేవాళ్లు ఎక్కడుంటారన్నది ఎవరికీ పట్టలేదు. పెద్ద డాక్టర్లు పొద్దున హైదరాబాద్‌లో కారెక్కి వంద కిలోమీటర్లు వచ్చి, సాయంత్రం చీకటి పడకముందే వెనక్కి మళ్లుతారు. అందుకే కదా 2025 మే 1 నుంచి మొహం చూపించి, జీపీఎస్‌తో హాజరు వేయించుకోమంది ఢిల్లీలోని మెడికల్ కమిషన్! అదే ఏడాది రాష్ట్రంలోని 34 సర్కారు కాలేజీల్లో 26 కాలేజీలకు లోపాల మీద నోటీసులొచ్చాయి. జిల్లాలో కాపురం పెట్టని ప్రొఫెసర్‌ను ఎవరూ ఏమీ అనరు. కాపురం ఉంటానని కాళ్లావేళ్లా పడుతున్న ఇంటర్న్‌కు మాత్రం ఇల్లు ఇవ్వరు.

ఇది మరెక్కడో జరిగితే ఇంత బాధ లేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాల్వ తవ్వినా పాలమూరు లేబర్ పేరు వినపడేది. పరాయి ఊళ్లో గుడారం వేసుకోవడం ఎట్లుంటదో ఈ జిల్లాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇవాళ గుడారాలు పోయి డాలస్ వచ్చింది. కొడుక్కు క్రెడిట్ స్కోరు లేదని అపార్ట్‌మెంట్ ఇవ్వలేదని ఇక్కడ తల్లిదండ్రులు వాపోతారు. అక్కడ స్కోరు లేదని కాదనొచ్చు గానీ, మతం, జాతి, పుట్టిన దేశం చూసి కాదనకూడదని 1968లోనే చట్టం చేశారు. 1988లో కుటుంబ స్థితినీ అందులో చేర్చి, పిల్లలున్నారన్న సాకుతో ఇల్లు నిరాకరించొద్దన్నారు. మన రాజ్యాంగం 15వ అధికరణం కులం పేరుతో అడ్డుకోకూడదన్న జాబితాలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు ఉన్నాయి. కిరాయి ఇల్లు లేదు. కొడుక్కు అక్కడ చట్టం కావాలి, ఇక్కడ తమ గేటుకు తాళం కావాలి.

మహబూబ్‌నగర్ ఇప్పుడు కార్పొరేషన్. నల్లగొండా, పాలమూరూ రెండూ పెద్దాసుపత్రులున్న ఊళ్లే. రెండు జిల్లాల కలెక్టర్లు చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలో రెండు అపార్ట్‌మెంట్లు ఆసుపత్రి పేరు మీదే కిరాయికి తీసుకుని, స్వదేశీ, విదేశీ తేడా లేకుండా ఇంటర్న్‌లకు గదులివ్వాలి. కిరాయి స్టైపెండ్‌లో కోసుకోవచ్చు. అది అయ్యేదాకా ఓనర్లకు ఒక విన్నపం: బోర్డు మీద ‘ఫ్యామిలీకి మాత్రమే’ కింద ‘ఆసుపత్రి డ్యూటీ వాళ్లకు కూడా’ అని ఒక్క లైను రాయించండి. గేటు రెండో తాళంచెవి వాళ్ల చేతికివ్వండి.